క్రియాటినిన్ పెరిగేదాకా ఆగొద్దు: మార్చిన కిడ్నీలో రిజెక్షన్‌ను ముందే పసిగట్టడం ఎలా

"క్రియాటినిన్ 1.4 వచ్చింది కానీ రిపోర్టులో నార్మల్ అనే ఉంది కదండీ" అనే మాట ట్రాన్స్‌ప్లాంట్ ఓపీలో తరచూ వినిపిస్తుంది. కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే ఈ అంకెకు ల్యాబ్ వాళ్లు కాగితం మీద అచ్చేసే హద్దు రెండు కిడ్నీలున్న మామూలు మనుషుల కోసం. కిడ్నీ మార్పిడి అయిన మనిషికి హద్దు ఒక్కటే, తన సొంత బేస్‌లైన్. మూడు నెలలుగా 1.1, 1.2, 1.1 వస్తున్న మనిషికి ఉన్నట్టుండి 1.4 వస్తే దాదాపు పావు వంతు పెరిగినట్టు. మందెయ్యాల్సిన అంకె కాదది. అలాగని ఫైల్లో పెట్టేసి మరుసటి నెల చూద్దామనుకునేది కూడా కాదు. నీళ్లు బాగా తాగి, ముందు రాత్రి మటన్ తినకుండా, రెండు మూడు రోజుల్లో అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించాలి. కొత్తగా సెప్ట్రాన్ లాంటి మాత్ర మొదలుపెట్టారేమో కూడా చూసుకోవాలి. అందులోని ట్రైమెథోప్రిమ్ కిడ్నీకి దెబ్బ తగలకుండానే క్రియాటినిన్‌ను కాస్త పెంచుతుంది.

అసలు చిక్కు ఏమిటంటే, నిజంగానే రిజెక్షన్ (మార్చిన కిడ్నీని పరాయిదిగా భావించి శరీరం చేసే దాడి) అయితే ఆ 1.4 కూడా ఆలస్యంగా వచ్చిన కబురే. కిడ్నీలో కొన్ని వడపోత గుత్తులు దెబ్బతిన్నా మిగిలినవి ఆ భారం మోస్తాయి కాబట్టి రక్తంలో అంకె చాలాకాలం కదలదు. క్రియాటినిన్ నిలకడగా ఉన్నవాళ్లకు షెడ్యూల్ ప్రకారం చేసే ప్రోటోకాల్ బయాప్సీల్లో కొందరికి లోపల రిజెక్షన్ అప్పటికే నడుస్తూ కనబడుతుంది. దీన్నే సబ్‌క్లినికల్ రిజెక్షన్ అంటారు. దీన్ని ముందే పట్టుకోవాలనే తపనతోనే ఇన్ని కొత్త పరీక్షలు, ఇన్ని కంప్యూటర్ మోడళ్లు వచ్చాయి.

అయితే "ముందే చెప్పడం" అనే ఒక్క మాట కింద వేర్వేరు పనులు కలగలిసిపోయాయి. ఈ డోనర్ కిడ్నీ ఈ మనిషికి పెడితే ప్రమాదం ఎంత అని ఆపరేషన్‌కు ముందే లెక్కగట్టడం ఒక పని. ఆపరేషన్ అయ్యాక, క్రియాటినిన్ కదలకముందే లోపల మొదలైన దాడిని కనిపెట్టడం వేరే పని. ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీ ఇంకెన్నేళ్లు పనిచేస్తుందో చెప్పడం మరొకటి. ఒక పనికి తయారైన పరీక్షను ఇంకో పనికి వాడినప్పుడే డబ్బులూ పోతాయి, బయాప్సీ సూదులూ అనవసరంగా దిగుతాయి.

ఆపరేషన్‌కు ముందు: గుత్తుల లెక్క

తనవా పరాయివా అని శరీరం పోల్చుకోవడానికి కణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ గుర్తుల్ని తయారుచేసే జన్యువులు ఆరో క్రోమోజోమ్ మీద ఒకేచోట ఉంటాయి. అందుకని విడివిడిగా కాకుండా గుత్తిగానే సంక్రమిస్తాయి, తల్లి నుంచి ఒక గుత్తి, తండ్రి నుంచి ఒక గుత్తి. తోబుట్టువుల మధ్య రెండు గుత్తులూ కలిసే అవకాశం నాలుగింట ఒకటి, ఒక్కటే కలిసే అవకాశం సగం, ఏదీ కలవకపోయే అవకాశం నాలుగింట ఒకటి. తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య ఒక గుత్తి తప్పకుండా కలుస్తుంది.

మనవైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి ఇక్కడో చిత్రం జరుగుతుంది. మేనరికం దంపతులిద్దరి దగ్గరా ఒకే పూర్వీకుల నుంచి వచ్చిన ఉమ్మడి గుత్తి ఉండొచ్చు. వాళ్ల బిడ్డకు రెండువైపుల నుంచీ అదే గుత్తి వచ్చిందనుకోండి. ఆ బిడ్డ పెద్దయ్యాక తల్లికో తండ్రికో కిడ్నీ ఇస్తే, అందులో వాళ్ల శరీరానికి పరాయిగా తోచే హెచ్‌ఎల్‌ఏ గుర్తు ఒక్కటీ ఉండదు, మిస్‌మ్యాచ్ సున్నా. అదే తల్లి కిడ్నీ ఆ బిడ్డకు పెడితే తల్లి దగ్గరున్న రెండో గుత్తి మొత్తం బిడ్డకు పరాయిదే. అంటే మ్యాచింగ్ రెండువైపులా ఒకేలా ఉండదు. ఇచ్చేవాళ్ల దగ్గర ఉండి, తీసుకునేవాళ్ల దగ్గర లేనిది ఎంత అన్నదే లెక్క. టైపింగ్ రిపోర్టు మీద "3/6 మ్యాచ్" అని ఒక్క అంకె రాసి వదిలేస్తే ఈ తేడా కనబడకుండా పోతుంది.

ఆరుకు ఎన్ని అనే ఆ లెక్కలో ఇంకో లోటు కూడా ఉంది. అది ఏ, బీ, డీఆర్ అనే మూడు రకాల గుర్తుల్నే, ఒక్కోదానికి రెండేసి చొప్పున చూస్తుంది. ఆపరేషన్ తర్వాత కొత్తగా పుట్టే యాంటీబాడీల్లో ఎక్కువగా కనిపించేవి డీక్యూ మీద వచ్చేవి. కాబట్టి డోనర్ టైపింగ్‌లో డీక్యూ కూడా చేయించాలని మొదటిరోజే అడగడం మంచిది. ఐదేళ్ల తర్వాత డీక్యూ యాంటీబాడీ కనబడితే, అది ఈ డోనర్ మీదదా కాదా అని తేల్చడానికి ఆ టైపింగే కావాలి. ఈ మధ్య గుర్తులో ఏ భాగం తేడాగా ఉందో అమైనో ఆమ్లాల స్థాయిలో లెక్కపెట్టే పద్ధతి వచ్చింది. ఆ చిన్న భాగాల్ని ఎప్లెట్లు అంటారు. డీఆర్, డీక్యూల్లో ఎప్లెట్ తేడాలు ఎక్కువైన కొద్దీ యాంటీబాడీ పుట్టే అవకాశం పెరుగుతుంది. నా దృష్టిలో డోనర్ ఒక్కరే దొరికిన ఇంట్లో ఈ లెక్క నిర్ణయాన్ని మార్చదు. ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చినప్పుడు, లేదా ఆపరేషన్ అయ్యాక మందు ఎంత తగ్గించొచ్చో ఆలోచించేటప్పుడు పనికొస్తుంది.

మ్యాచ్ ఎంత అన్నదానికంటే ముందు తేలాల్సింది, తీసుకునే మనిషి రక్తంలో డోనర్ మీద యాంటీబాడీలు ఇప్పటికే ఉన్నాయా అన్నది. అవి మూడు దారుల్లో వస్తాయి: గర్భం, రక్తం ఎక్కించడం, ఇదివరకటి ట్రాన్స్‌ప్లాంట్. భర్త తన భార్యకు కిడ్నీ ఇవ్వబోతున్న కేసుల్ని ఇక్కడే జాగ్రత్తగా చూడాలి. కడుపులో మోసిన బిడ్డలో సగం గుర్తులు భర్తవే కాబట్టి ఆమె శరీరం వాటిని ఎప్పుడో చూసింది. కొడుకో కూతురో తల్లికి ఇస్తున్నా ఇదే సంగతి. ఎన్ని కాన్పులు అని మాత్రమే అడిగితే సగమే తెలుస్తుంది, పోయిన గర్భాలు, తీయించుకున్న గర్భాలు కూడా లెక్కే. ఇది అత్తగారి ముందో భర్త ముందో అడిగే ప్రశ్న కాదు. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి.

రక్తం విషయంలోనూ అంతే. డయాలిసిస్‌లో హిమోగ్లోబిన్ 6కు పడిపోయిందని ఒక యూనిట్ ఎక్కించేస్తారు, ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్, ఐరన్ సరిగా ఇచ్చి ఉంటే చాలాసార్లు ఆ అవసరమే వచ్చేది కాదు. తెల్లకణాలు వడకట్టిన రక్తం వాడితే ముప్పు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. తప్పనిసరై ఎక్కించాల్సి వస్తే రెండు నుంచి నాలుగు వారాల తర్వాత యాంటీబాడీ పరీక్ష మళ్లీ చేయాలి. క్రాస్‌మ్యాచ్ (డోనర్ కణాల మీద రోగి రక్తం దాడి చేస్తుందా అని చూసే పరీక్ష) నెగెటివ్ వచ్చాక, ఆపరేషన్‌కు ముందు రక్తం ఎక్కించి ఉంటే ఆ పాత నెగెటివ్‌ను నమ్మకూడదు.

క్రాస్‌మ్యాచ్ ఎందుకంత ముఖ్యమో 1969లో పటేల్, టెరసాకి అచ్చేసిన లెక్క ఒక్కటి చాలు. క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ ఉన్నా ఆపరేషన్ చేసిన 30 మందిలో 24 మందికి కిడ్నీ వెంటనే పోయింది. నెగెటివ్ ఉన్న 195 మందిలో అలా పోయింది 8 మందికే. రిజెక్షన్‌ను ముందే చెప్పడంలో ఇంత నిఖార్సైన పరీక్ష ఆ తర్వాత మళ్లీ రాలేదంటే అతిశయోక్తి కాదు. ఇందులో డోనర్ లింఫోసైట్లను (ఒక రకం తెల్లకణాలు) రోగి సీరంతో కలిపి, కాంప్లిమెంట్ (యాంటీబాడీ అంటుకున్న కణాన్ని చంపే రక్తంలోని ప్రోటీన్లు) పోసి ఎన్ని కణాలు చచ్చాయో చూస్తారు. సీడీసీ పద్ధతి అనేది దీన్నే. ఫ్లో క్రాస్‌మ్యాచ్ దీనికంటే సున్నితమైనది, తక్కువ మోతాదు యాంటీబాడీని కూడా పడుతుంది. తప్పుడు పాజిటివ్‌లూ వస్తాయి. అవి ఐజీఎం రకం ఆటో యాంటీబాడీల వల్ల వస్తే, సీరంలో డీటీటీ అనే రసాయనం కలిపి మళ్లీ చేసినప్పుడు పోతాయి. రిటుక్సిమాబ్ తీసుకున్న మనిషి సీరంతో చేస్తే బీ కణాల క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ రావడం మామూలే, ఆ మందే బీ కణాలకు అంటుకుంటుంది. ల్యాబ్‌కు పంపే ఫారం మీద ఆ మందు పేరు రాయకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు.

ఇక సింగిల్ యాంటిజెన్ బీడ్ పరీక్ష. ఒక్కో ప్లాస్టిక్ పూస మీద ఒక్కో హెచ్‌ఎల్‌ఏ గుర్తు పెట్టి, రోగి సీరం పోసి, ఏ పూస ఎంత వెలుగుతుందో లూమినెక్స్ యంత్రం చదువుతుంది. ఆ వెలుగు అంకెనే ఎంఎఫ్‌ఐ అంటారు. దాన్ని షుగర్ రిపోర్టులా చదవకూడదు. 900 వస్తే క్షేమం, 1,100 వస్తే ప్రమాదం అనే గీత ఎక్కడా లేదు, ల్యాబ్‌ను బట్టి, కిట్‌ను బట్టి మారుతుంది. ఇంకో మోసం కూడా ఉంది. యాంటీబాడీ మరీ ఎక్కువగా ఉన్న సీరంలో కాంప్లిమెంట్ అడ్డుపడి వెలుగు తక్కువగా చూపిస్తుంది. సీరంను పలచన చేసో, ఈడీటీఏ కలిపో మళ్లీ చేస్తే అంకె ఒక్కసారిగా పైకి లేస్తుంది. బీడ్ రిపోర్టులో తక్కువ ఉండి క్రాస్‌మ్యాచ్ గట్టిగా పాజిటివ్ వచ్చినప్పుడు మొదట అనుమానించాల్సింది దీన్నే. పూసల మీద అన్ని ఆలీళ్లూ (ఒకే గుర్తులోని వేర్వేరు రకాలు) ఉండవు, ఆ సంగతి కూడా గుర్తుండాలి. డోనర్‌కున్న ఆలీల్ పూసల్లో లేకపోతే "యాంటీబాడీ లేదు" అన్న రిపోర్టుకు అర్థం వెతకలేదనే.

టాక్రో లెవెల్: కాలిక్యులేటర్‌తో అయిపోయే లెక్క

ఆపరేషన్ తర్వాత రిజెక్షన్‌ను ముందే చెప్పే వాటిలో అందరికీ అందుబాటులో ఉన్నదీ, అందరూ పట్టించుకోకుండా వదిలేసేదీ ఒకటుంది, రిజెక్షన్ రాకుండా రోజూ వేసుకునే టాక్రోలిమస్ మందు రక్తంలో లెవెల్ ఎంత ఊగుతోందన్నది. లెవెల్ ఎంత అని చూస్తారు గానీ, ఊగుడు ఎంత అని చూసేవాళ్లు తక్కువ.

ఇద్దరు రోగుల్ని తీసుకుందాం. ఒకరికి వరసగా ఐదు లెవెళ్లు 6.8, 7.4, 7.9, 6.9, 7.5. రెండో మనిషికి 6.2, 9.8, 4.1, 11.0, 5.4. ఇద్దరి సగటూ 7.3 నానోగ్రాములే. సగటు చూసి రాసే ఫైల్లో ఇద్దరూ ఒకటే. స్టాండర్డ్ డీవియేషన్ తీసి సగటుతో భాగించి వందతో గుణిస్తే మొదటివారికి 6 శాతం, రెండోవారికి 41 శాతం వస్తుంది. 30 శాతం దాటితే జాగ్రత్తపడాలని చాలామంది వాడే గీత. రెండో మనిషి ఒకరోజు విషం అంచుల్లో, ఇంకోరోజు రక్షణ లేకుండా తిరుగుతున్నాడు. 4.1 ఉన్న రోజుల్లో రోగనిరోధక కణాలు మేల్కొని డోనర్ గుర్తుల్ని నేర్చుకుంటాయి. తర్వాత లెవెల్ 11కు వెళ్లినా నేర్చుకున్నది మర్చిపోవు. మధ్యలో డోసు మార్చి ఉంటే లెవెల్‌ను ఆ రోజు డోసుతో భాగించి, ఆ వచ్చిన అంకెలతో ఇదే లెక్క చేయాలి. లేకపోతే డాక్టర్ చేసిన మార్పును రోగి మీద తోసినట్టవుతుంది.

ఊగుడుకు మొదటి కారణం మాత్రలు ఎగ్గొట్టడం అనుకుంటారు. చాలాసార్లు నిజమే. కానీ పేషెంటును తిట్టే ముందు రక్తం ఎప్పుడు తీశారో అడగాలి. టాక్రో లెవెల్ అంటే ముందు రోజు రాత్రి డోసు తర్వాత 12 గంటలకు, ఉదయం డోసు వేసుకోకముందు తీసినదే. రాత్రి 9కి వేసుకునే మనిషి ఉదయం 9కి ల్యాబ్‌లో ఉండాలి, మాత్ర జేబులో ఉండాలి, సూది తీశాకే వేసుకోవాలి. అలవాటుగా ఇంట్లోనే వేసుకుని వస్తే లెవెల్ 18 అని రావొచ్చు. దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే పది రోజుల తర్వాత వచ్చేది 3. ఈ ఒక్క పొరపాటు నుంచి మొదలైన రిజెక్షన్‌కు ఏ ఖరీదైన పరీక్షా అక్కర్లేదు, ల్యాబ్ ఫారంలో "చివరి డోసు వేసుకున్న సమయం" అని ఒక గడి ఉంటే చాలు.

మిగతా కారణాలు తెలిసినవే అయినా ఎప్పటికప్పుడు కొత్తగా దొరుకుతుంటాయి. విరేచనాలు పట్టుకుంటే టాక్రో లెవెల్ తగ్గుతుందనుకుంటారు, నిజానికి పెరుగుతుంది. పేగు గోడలో ఆ మందును విరగ్గొట్టే ఎంజైమ్, బయటికి తోసే పంపు రెండూ దెబ్బతింటాయి. ఫ్లుకొనజోల్, క్లారిత్రోమైసిన్, డిల్టియాజెమ్ లెవెల్‌ను పెంచుతాయి. పంపరపనస పండు కూడా పెంచుతుంది కాబట్టి అది వద్దు. టీబీ వచ్చి రిఫాంపిసిన్ మొదలుపెడితే లెవెల్ దబ్బున పడిపోతుంది, అప్పుడు డోసు ఎన్నో రెట్లు పెంచినా అందుకోవడం కష్టం. మన దగ్గర టీబీ అరుదు కాదు కాబట్టి ఊళ్లో డాక్టరు కోర్సు మొదలుపెట్టే ముందే ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరుకు ఫోన్ వెళ్లాలి. రిఫాబ్యూటిన్ అనే మెత్తని ప్రత్యామ్నాయం ఉంది. టాక్రోలిమస్ బ్రాండ్ మారినప్పుడల్లా వారంలో లెవెల్ చూడాలి. ఇక "ఇమ్యూనిటీ బూస్టర్" పొడుల సంగతి. రోగనిరోధక శక్తిని అణచడానికి పూటపూటా మాత్ర వేసుకుంటూ, దాన్ని పెంచడానికి పరగడుపున పొడి తాగడంలో అర్థమేమిటో అమ్మేవాళ్లే చెప్పాలి.

కొందరికి ఏ తప్పూ లేకుండానే లెవెల్ అందదు. సీవైపీ3ఏ5 జన్యువు చురుగ్గా ఉన్నవాళ్లకు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల డోసు కావాలి. మొదటి వారంలోనే ఈ జన్యు పరీక్ష చేస్తే డోసు వెతుకులాట తగ్గుతుంది.

మాత్రల విషయంలో నిర్లక్ష్యం చివరికి ఎక్కడ తేలుతుందో కెనడాలోని విన్నిపెగ్ బృందం 2012లో చూపించింది. ఆపరేషన్‌కు ముందు డోనర్ యాంటీబాడీలు లేని 315 మందిని వెంట ఉండి చూస్తే, 15 శాతం మందికి సగటున 4.6 ఏళ్లకు కొత్తగా పుట్టాయి. పదేళ్లకు కిడ్నీ నిలిచింది పుట్టినవాళ్లలో 57 శాతానికి, పుట్టనివాళ్లలో 96 శాతానికి. మందులు సరిగా వేసుకోకపోవడం, డీఆర్ మిస్‌మ్యాచ్, అంతకుముందే వచ్చిన రిజెక్షన్ ఈ యాంటీబాడీలతో ముడిపడ్డ కారణాలు. అందుకే ముప్పు తక్కువున్న మనిషికైనా మొదటి ఏడాదిలో ఒకసారి డోనర్ యాంటీబాడీ పరీక్ష చేయించాలి. ఆ తర్వాత మందు తగ్గించినప్పుడు, మాత్రలు మానేశారని తెలిసినప్పుడు, క్రియాటినిన్ లేదా మూత్రంలో ప్రోటీన్ పెరిగినప్పుడు చేయించాలి.

రక్తంలో డోనర్ డీఎన్‌ఏ

ఇప్పుడు ఎక్కువగా అడుగుతున్న పరీక్ష ఇది. కిడ్నీ కణాలు చచ్చినప్పుడు వాటి డీఎన్‌ఏ ముక్కలు రక్తంలోకి వస్తాయి. రక్తంలో తేలే మొత్తం డీఎన్‌ఏలో డోనర్ వాటా ఎంత శాతమో కొలుస్తారు. ఆ ముక్కలు గంటా రెండు గంటల్లోనే సగానికి తగ్గిపోతాయి కాబట్టి అంకె ఇవాళ్టి పరిస్థితిని చెబుతుంది. 2017లో వచ్చిన డార్ట్ అధ్యయనం 1 శాతాన్ని గీతగా పెట్టింది. ఆ గీత దగ్గర రిజెక్షన్ ఉన్నవాళ్లలో దాదాపు 60 శాతాన్ని పట్టింది, లేనివాళ్లలో 85 శాతాన్ని సరిగ్గా లేదంది.

ఈ రెండు అంకెల్నీ పట్టుకుని ఒక లెక్క చేద్దాం, ఎందుకంటే "ముందే చెప్పే" ప్రతి పరీక్ష బండారం ఇందులోనే ఉంది. ఏ ఇబ్బందీ లేని 1,000 మందికి చేశామనుకోండి, వాళ్లలో 50 మందికి లోపల రిజెక్షన్ ఉందనుకోండి. పరీక్ష 30 మందిని పడుతుంది, 20 మందిని వదిలేస్తుంది. రిజెక్షన్ లేని 950 మందిలో 142 మందికి అనవసరంగా పాజిటివ్ చూపిస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన 172 మందిలో నిజంగా రిజెక్షన్ ఉన్నది ఆరుగురిలో ఒకరికి. ఇప్పుడు అదే పరీక్షను క్రియాటినిన్ పెరిగిన 1,000 మందికి చేద్దాం, వాళ్లలో 300 మందికి రిజెక్షన్ ఉందనుకుందాం. 180 మందిని పడుతుంది, తప్పుడు పాజిటివ్‌లు 105. ఇక్కడ పాజిటివ్ వస్తే మూడింట దాదాపు రెండు వంతులు నిజమే. యంత్రం అదే, గీత అదే, రసాయనాలు అవే. ఎవరికి చేశామన్నది మారితే అంకెకు అర్థం మారింది. నెగెటివ్ సంగతి తిరగబడి ఉంటుంది. నిలకడగా ఉన్నవాళ్లలో నెగెటివ్ వస్తే దాదాపు 98 శాతం నమ్మొచ్చు. క్రియాటినిన్ పెరిగినవాళ్లలో నెగెటివ్ వచ్చినా ఆరుగురిలో ఒకరికి లోపల రిజెక్షన్ ఉంటుంది కాబట్టి, దాన్ని చూపించి బయాప్సీ మానుకోవడం తప్పు.

ఈ పరీక్ష యాంటీబాడీ రకం రిజెక్షన్‌ను బాగా పడుతుంది, టీ కణాల రకంలో (రోగనిరోధక కణాలే నేరుగా దాడి చేసేది) తేలికపాటి వాటిని తరచూ వదిలేస్తుంది. ఆపరేషన్ అయిన మొదటి రెండు వారాల్లో ఎలాగూ ఎక్కువే ఉంటుంది. బయాప్సీ చేసిన వెంటనే తీసినా ఎక్కువ వస్తుంది. మనిషికి ఒళ్లంతా ఇన్ఫెక్షన్ ఉంటే సొంత డీఎన్‌ఏ పెరిగి డోనర్ వాటా తగ్గినట్టు కనబడుతుంది, అది శాతం లెక్కతో వచ్చే తిప్పలు. రెండో ట్రాన్స్‌ప్లాంట్ అయితే పాత కిడ్నీ డీఎన్‌ఏ కూడా కలుస్తుంది. మన దేశంలో ఎక్కువ కిడ్నీలు ఇచ్చేది ఇంట్లోవాళ్లే. తల్లీ బిడ్డల డీఎన్‌ఏలో ఉమ్మడి భాగం ఎక్కువ, తేడా చూపించే చోట్లు తక్కువ. కాబట్టి డోనర్ రక్తసంబంధీకులని ఫారం మీద రాయాలి, ల్యాబ్ లెక్కలో దాన్ని సవరించాలి. రక్తం కూడా మామూలు ట్యూబులో కాకుండా తెల్లకణాలు పగలకుండా ఆపే ప్రత్యేకమైన ట్యూబులో తీయాలి. ట్యూబులో కణాలు పగిలితే రోగి డీఎన్‌ఏ బయటికొచ్చి, డోనర్ వాటా ఉత్తినే తగ్గిపోతుంది.

మూత్రం పరీక్షలు కూడా ఉన్నాయి. సీఎక్స్‌సీఎల్9, సీఎక్స్‌సీఎల్10 అనే ప్రోటీన్లు కిడ్నీలో మంట ఉంటే పెరుగుతాయి. కానీ అది ఎవరు పెట్టిన మంటో చెప్పవు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, బీకే వైరస్ (రోగనిరోధక శక్తి అణిగినప్పుడు కిడ్నీలో లేచే వైరస్) ఉన్నా అంతే పెరుగుతాయి. మూత్రంలోని కణాల్లో మూడు ఆర్‌ఎన్‌ఏలు కొలిచి రిజెక్షన్ చెప్పే పద్ధతిని 2013లో అమెరికన్ బృందం 485 మంది మీద చూపించింది, రిజెక్షన్ ఉన్నవాళ్లలో 79 శాతాన్ని పట్టింది, లేనివాళ్లలో 78 శాతాన్ని సరిగ్గా లేదంది. రక్తంలో 17 జన్యువులు చూసే కేసార్ట్ అయితే 2014లో అద్భుతంగా కనిపించి, తర్వాత వరసగా వచ్చిన మామూలు రోగుల మీద వేరే బృందం పరీక్షిస్తే పనిచేయలేదు. స్పష్టంగా జబ్బున్నవాళ్లనూ, స్పష్టంగా లేనివాళ్లనూ ఏరి పక్కపక్కన పెట్టి చేసిన పరీక్ష ఓపీ గదిలోకి వచ్చేసరికి చతికిలబడటం కొత్త కాదు.

పాజిటివ్ వచ్చాక

ఏ పరీక్ష పాజిటివ్ వచ్చినా స్టెరాయిడ్ ఎక్కించే ముందు మూడు చిన్న పనులు అవ్వాలి: మూత్రం కల్చర్, రక్తంలో బీకే వైరస్ పీసీఆర్, అల్ట్రాసౌండ్‌లో అడ్డంకి ఉందా, రక్తనాళాలు బాగున్నాయా అని చూడటం. బీకే వైరస్ సంగతే అన్నిటికంటే ప్రమాదకరం. అది కిడ్నీ గొట్టాల్లో పెట్టే మంట సూక్ష్మదర్శిని కింద టీ కణాల రిజెక్షన్‌లాగే కనబడుతుంది, ఎస్‌వీ40 అనే రంగు వేస్తే తప్ప తేడా తెలియదు. రిజెక్షన్‌కు రోగనిరోధక శక్తిని అణిచే మందు పెంచాలి, బీకేకు తగ్గించాలి. తప్పు దారి పడితే కిడ్నీ పోతుంది.

బయాప్సీ అంటే జనానికి భయం, అర్థమవుతుంది. కానీ సగం సగం బయాప్సీ అంతకంటే దండగ. బయాప్సీని చదివే బాన్ఫ్ అనే అంతర్జాతీయ పద్ధతి ప్రకారం ముక్కలో కనీసం 10 గ్లొమెరులస్‌లు (వడపోత గుత్తులు), 2 ధమనులు ఉండాలి, అందుకే రెండు ముక్కలు తీస్తారు. ఒకే ముక్కలో నాలుగు గ్లొమెరులస్‌లు వచ్చి "రిజెక్షన్ లేదు" అని రాస్తే దాన్ని చదవాల్సింది "ఈ కాస్తలో కనబడలేదు" అని. గ్లొమెరులస్‌లో మంటకు జీ స్కోరు, చిన్న కేశనాళికల్లో మంటకు పీటీసీ స్కోరు, రెండూ కలిపి 2 లేదా అంతకు మించి ఉంటే యాంటీబాడీ దాడిని గట్టిగా అనుమానిస్తారు. యాంటీబాడీ దాడి జాడను చూపించే సీ4డీ రంగు దానికి తోడు. ఒకే స్లైడును ఇద్దరు పాథాలజిస్టులు చూస్తే స్కోరు ఒకటి అటూ ఇటూ అవడం సహజం, కంప్యూటర్ మోడళ్లు నేర్చుకునే "సరైన జవాబు" కూడా ఇదే.

మోడళ్లలో నిలబడ్డది ఐబాక్స్. పారిస్ బృందం 2019లో ప్రచురించింది, మొత్తం 7,557 మంది డేటాతో. ఆపరేషన్ అయి ఎన్నాళ్లైంది, కిడ్నీ పనితీరు, మూత్రంలో ప్రోటీన్, బయాప్సీలో మచ్చలు, మంట, డోనర్ యాంటీబాడీ ఎంఎఫ్‌ఐ లాంటి ఎనిమిది అంశాలు తీసుకుని కిడ్నీ ఎన్నేళ్లు నిలుస్తుందో చెబుతుంది. ఇది రిజెక్షన్ వస్తుందా అని చెప్పే పనిముట్టు కాదు, కిడ్నీ పోతుందా అని చెప్పేది. ఈ రెండింటినీ కలిపేసి రాసిన వార్తలు చాలానే వచ్చాయి.

మన ఆసుపత్రుల డేటాతో మోడల్ కట్టాలనుకునే కుర్రాళ్లకు ఒక్క మాట. ఫార్మసీ రికార్డు యథాతథంగా కలిపితే మోడల్ ఒకటికి 0.95 స్కోరు చూపించి మురిపిస్తుంది. లోపల చూస్తే అది పట్టుకున్నది మిథైల్‌ప్రెడ్నిసోలోన్ 500 మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌ను. డాక్టరుకు అనుమానం వచ్చి బయాప్సీ రిపోర్టుకు ముందే మొదలుపెట్టిన మందది, మోడల్ డాక్టరు చెయ్యిని చదివింది, కిడ్నీని కాదు. ప్రతి అంశానికీ తేదీతో పాటు గంట కూడా పెట్టి, అంచనా వేసే క్షణానికి ముందున్నవే ఇవ్వాలి. ఒకే మనిషి నమూనాలు కొన్ని శిక్షణలో, కొన్ని పరీక్షలో పడకూడదు. 20 శాతం ముప్పు అని మోడల్ చెప్పిన వందమందిలో నిజంగా 20 మందికి దగ్గరగా వచ్చిందా అని చూడాలి. రక్తసంబంధం లేని, చనిపోయిన డోనర్ల కిడ్నీలే ఎక్కువగా ఉన్న విదేశీ డేటాలో కట్టిన మోడల్ ఇక్కడ ఈ చివరి పరీక్ష దగ్గరే ఎక్కువగా తడబడుతుంది.

చివరగా, పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లే తల్లిదండ్రుల కోసం. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో క్రియాటినిన్ మైక్రోమోల్స్‌లో ఇస్తారు, 88.4తో భాగిస్తే మన మిల్లీగ్రాములు వస్తాయి. 106 అని చూసి గుండె ఆగనక్కర్లేదు, అది 1.2. టాక్రో లెవెల్ ఇక్కడ ఇమ్యునోఅస్సేతో చేయించుకుని అక్కడ మాస్ స్పెక్ట్రోమెట్రీతో చేయిస్తే కాస్త తక్కువ రావడం మామూలే, డోసు మార్చే ముందు పద్ధతి ఏదో అడగండి. మాత్రల సమయం గురించి కంగారు వద్దు. హైదరాబాద్‌లో ఉదయం 9 అంటే వేసవిలో డల్లస్‌లో ముందు రోజు రాత్రి 10:30. పన్నెండు గంటల వరస తెగకుండా అక్కడ 10:30కీ 10:30కీ వేసుకోవచ్చు, తర్వాత రోజుకో అరగంట జరుపుకుంటే నాలుగు రోజుల్లో మీకు నచ్చిన వేళకు వచ్చేస్తుంది. మాత్రలు మాత్రం చెక్-ఇన్ సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి.